పోర్ట్ ఫార్వర్డింగ్ చేసినా షాపు కంప్యూటర్ ఇంటి నుంచి ఓపెన్ అవ్వట్లేదు

గాజువాక_లెక్కలు:
అందరికీ నమస్తే. నేను విశాఖ పాత గాజువాకలో మోటార్లు, పైపు ఫిట్టింగులు అమ్మే షాపులో అకౌంట్స్ చూస్తాను, ఉండేది మాత్రం పీఎం పాలెం. ఎన్ఏడీ దగ్గర ఫ్లైఓవర్ వచ్చాక కాస్త నయమే గాని సాయంత్రం ఇల్లు చేరేసరికి ఇప్పటికీ ఎనిమిదిన్నర అవుతుంది. మా అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది, ఫిజియో ఆవిడ పొద్దున పదింటికి వస్తుంది, ఓ రెండు నెలలు వారానికి మూడ్రోజులు ఇంటి నుంచి చేస్తానండి అని ఓనరు గారిని అడిగితే సరే అన్నారు, కానీ 11వ తారీకు జీఎస్టీఆర్-1 (నెల అమ్మకాల జీఎస్టీ రిటర్ను) దాటకూడదు, అదొక్కటే షరతు.

మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎప్పుడో లోకల్ కుర్రాడు చేసిచ్చింది, షాపులో ఉన్న ఆ ఒక్క కంప్యూటర్‌లోనే నడుస్తుంది, ఆన్‌లైన్ వెర్షన్ గట్రా లేదు. విండోస్ 10 ప్రో. ఓ వీడియో చూసి రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ చేశా, రౌటర్లోకెళ్ళి అది వాడే 3389 పోర్ట్ ఫార్వర్డ్ చేశా, ఫైర్‌వాల్‌లో కూడా పెట్టా. షాపులో అదే వైఫై మీద నా లాప్‌టాప్‌లోంచి కొడితే టక్కున వస్తోంది. ఇంటికొచ్చి కొడితే తిరుగుతూనే ఉంటుంది, చివరికి కనెక్ట్ అవ్వలేదు అంటుంది. ఇంకో వింత ఏంటంటే రౌటర్ పేజీలో వాన్ ఐపీ (నెట్ కంపెనీ రౌటర్‌కి ఇచ్చే నంబర్) 100.86 తో మొదలయ్యేది చూపిస్తోంది, నెట్‌లో నా ఐపీ ఏంటని చూస్తే వేరే నంబర్ వస్తోంది. రెండూ కొట్టి చూశా. కస్టమర్ కేర్‌కి చేస్తే రౌటర్ ఆపి ఆన్ చెయ్యండి సార్ అన్నారు, నాలుగుసార్లు చేశా. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి గురూ.

కేబుల్_మనిషి:
తప్పు నీది కాదు గురూ. ఆ రెండు నంబర్లు వేరుగా ఉన్నాయి అన్నావు చూడు, జవాబు అక్కడే ఉంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న ఐపీలు నెట్ కంపెనీవాళ్ళు లోపల్లోపల వాడుకునేవి, బయటి ప్రపంచానికి కనపడవు. ఐపీలు సరిపోక ఒక పబ్లిక్ ఐపీ వెనకాల బోలెడు ఇళ్ళని కూర్చోబెడతారు, దాన్నే సీజీనాట్ అంటారు. మన చిన్నప్పుడు హాస్టల్‌లో మొత్తానికి ఒకటే ఫోను ఉండేది గుర్తుందా, లోపల్నుంచి ఎవడైనా బయటికి చేసుకోవచ్చు, బయట్నుంచి వస్తే మాత్రం పిలిచిపెట్టే వార్డెన్ ఉండాలి. ఇక్కడ ఆ వార్డెన్ లేడు. నువ్వు నీ రూము తలుపు తీసి పెట్టావు (పోర్ట్ ఫార్వర్డ్ అంటే అదే), కానీ హాస్టల్ గేటు వాళ్ళ చేతిలో ఉంది. రౌటర్ వందసార్లు ఆపి ఆన్ చేసినా అంతే.

బీచ్‌రోడ్డు_బాతాఖానీ:
స్టాటిక్ ఐపీ అడుగు బ్రో, నెలకి ఎక్స్‌ట్రా తీసుకుని ఇస్తారు. అది వస్తే నువ్వు చేసిన సెటప్పే పనిచేసేస్తుంది. సింపుల్.

అక్కయ్యపాలెం_అన్న:
పైన చెప్పింది నిజమే, పనిచేస్తుంది, అందుకే వద్దంటున్నా. తమ్ముడూ, నీకు సీజీనాట్ ఉండటమే అదృష్టం అనుకో.

2020 లాక్‌డౌన్‌లో నేను పనిచేసే చోట అచ్చం ఇలగే స్టాటిక్ ఐపీ తీసుకుని 3389 తెరిచి పెట్టాం. పెట్టింది నేనే, ఎవర్నీ అనడానికి లేదు. పాస్‌వర్డ్ షాపు పేరు పక్కన 123. ఓ సోమవారం పొద్దున్న వచ్చి చూస్తే ఎక్సెల్ ఫైళ్ళన్నిటికీ తెల్ల ఐకాన్లు, పేరు చివర ఏదో పిచ్చి అక్షరాలు, డెస్క్‌టాప్ మీద ఒక నోట్‌ప్యాడ్ ఫైలు, డబ్బు కడితేనే ఫైళ్ళు తెరుస్తాం అని. బ్యాకప్ పెన్‌డ్రైవ్ ఎక్కడుందంటే ఆ సీపీయూకే గుచ్చి ఉంది, అదీ పోయింది. మా సార్ ఇంట్లో బీరువాలో ఒక పాత హార్డ్ డిస్క్ ఉండబట్టి బతికాం, అందులో నెల కిందటి డేటా ఉంది, మిగతా నెల రోజులదీ బిల్లు పుస్తకాలు ముందేసుకుని నేనూ ఇంకో అమ్మాయీ తొమ్మిది రోజులు కూర్చుని కొట్టాం. ఇప్పటికీ ఆ కార్బన్ కాపీ నీలం రంగు కళ్ళ ముందే ఉంటుంది.

పోర్ట్ నంబర్ మార్చేస్తే సరిపోద్ది అంటారు కొందరు. 3389 ని 3390 చేస్తే ఏమవుద్ది, స్కాన్ చేసేవి మనుషులు కాదుగా, ప్రోగ్రాములు అన్ని తలుపులూ తట్టుకుంటూ పోతాయి. 2019 మే నెలలో పాత విండోస్‌ల రిమోట్ డెస్క్‌టాప్‌లో బ్లూకీప్ అని ఒక లోపం బయటపడింది, అసలు పాస్‌వర్డ్ అక్కర్లేకుండానే లోపలికి రావచ్చు, మైక్రోసాఫ్ట్ ఎప్పుడో వదిలేసిన ఎక్స్‌పీకి కూడా ప్యాచ్ ఇచ్చిందంటే ఎంత సీరియస్సో చూసుకో. పైగా నీది విండోస్ 10, దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14 తో అయిపోయింది. ముందు ఆ ఫార్వర్డింగ్ తీసెయ్.

గాజువాక_లెక్కలు:
అమ్మో. తీసేశానన్నా, ఇప్పుడే షాపు కుర్రాడితో ఫోన్‌లో చెప్పి తీయించా. మరిప్పుడు దారేంటి?

కేబుల్_మనిషి:
బయట్నుంచి లోపలికి రావడం కాకుండా, షాపు కంప్యూటరే బయటికి వచ్చి నీకోసం కాసుకుని ఉండేలా పెట్టుకోవాలి. రెండు రకాలు. క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ అయితే గూగుల్ అకౌంట్, కనీసం ఆరంకెల పిన్, పది నిమిషాల పని. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ కూడా ఇదే జాతి గాని వాటి ఫ్రీ వెర్షన్ సొంత వాడకానికే, షాపు పనికైతే డబ్బు కట్టాలి. రెండోది టెయిల్‌స్కేల్, అది రెండు మెషీన్ల మధ్య ప్రైవేట్ దారి వేస్తుంది, దాని మీద నీ మామూలు రిమోట్ డెస్క్‌టాపే వాడుకోవచ్చు, రౌటర్ ముట్టుకోనక్కర్లేదు, సీజీనాట్ అడ్డం రాదు.

తేడా ఎక్కడంటే, మామూలు రిమోట్ డెస్క్‌టాప్‌తో నువ్వు ఎక్కగానే షాపులో స్క్రీన్ లాక్ అయిపోద్ది. రాత్రిపూట అది మంచిదే, నువ్వు చేసేది ఎవడూ చూడడు. పగలు మాత్రం మీ కుర్రాడు కస్టమర్‌కి బిల్లు కొడుతుండగా నువ్వు ఎక్కావంటే వాడు బయటికి, కస్టమర్ పక్క షాపుకి. క్రోమ్‌దైతే మామూలుగా ఇద్దరికీ ఒకటే స్క్రీన్, మౌస్ కోసం కొట్టుకోవడమే. నా మాటగా అయితే టెయిల్‌స్కేల్ పెట్టుకుని రాత్రి చేసుకో.

ఏది పెట్టినా ఓనరు గారికి చెప్పే పెట్టు, అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో ఆయనకి తెలియాలి. రేపు నువ్వు మానేస్తే తాళం నీ జేబులో ఉండకూడదు కదా.

అక్కయ్యపాలెం_అన్న:
ఇంకోటి, ఎవడైనా ఫోన్ చేసి మేం సపోర్ట్ నుంచి, ఎనీడెస్క్‌లో కనిపించే నంబర్ చెప్పండి అంటే మీ కుర్రాడు చెప్పేయకుండా చూసుకో. దాంతో ఇలగ డబ్బులు లాగుతున్నారని 2019 ఫిబ్రవరిలోనే రిజర్వ్ బ్యాంక్ హెచ్చరించింది, ఇంకా పడుతూనే ఉన్నారు జనం. డబ్బులు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కి కొట్టాలి.

గాజువాక_లెక్కలు:
టెయిల్‌స్కేల్ పెట్టా. మళ్ళీ 100 తోనే మొదలయ్యే ఐపీ వచ్చింది, గుండె ఆగింది, పాత రోగమేనా అనుకున్నా.

కేబుల్_మనిషి:
హహ కాదు. టెయిల్‌స్కేల్‌వాళ్ళూ అదే నంబర్ల వరస వాడుకుంటారు అంతే, ఇది నీ సొంత 100. రిమోట్ డెస్క్‌టాప్‌లో అదే కొట్టు. విండోస్ యూజర్‌కి పాస్‌వర్డ్ ఉండాలి, ఖాళీగా ఉంటే రానివ్వదు, పిన్ కూడా తీసుకోదు.

గాజువాక_లెక్కలు:
వచ్చేసింది గురూ!! పగలు అద్భుతం. రాత్రి తొమ్మిదిన్నరకి చూస్తే ఆఫ్‌లైన్ అంటోంది. స్లీప్ నెవర్‌లోనే పెట్టా. ఏటి మళ్ళీ?

బీచ్‌రోడ్డు_బాతాఖానీ:
షట్టర్ దించేటప్పుడు మెయిన్ ఆపేస్తారా?

గాజువాక_లెక్కలు:
...ఆపేస్తారు. ఇరవై ఏళ్ళ నుంచి. షార్ట్ సర్క్యూట్ భయం ఓనరు గారికి, ఇంటికెళ్ళే ముందు ఆ పిడి కిందకి లాగి, దండం పెట్టుకుని వెళ్తారు.

అక్కయ్యపాలెం_అన్న:
మరి కరెంటే లేకపోతే టెయిల్‌స్కేల్ ఏం చేస్తుంది తమ్ముడూ. పడుకున్న కంప్యూటర్‌ని నెట్‌వర్క్ మీంచి లేపడానికి వేక్ ఆన్ లాన్ అని ఒకటుంది గాని దానికి కూడా ప్లగ్గులో కరెంటుండాలి. ఎలక్ట్రీషియన్‌తో రౌటర్‌కీ సీపీయూకీ కలిపి ఒక విడి లైను, దానికి సొంత ఎంసీబీ (షార్ట్ అయితే దానంతటదే ఆగిపోయే స్విచ్) వేయించు, మిగతావన్నీ ఆయన ఎప్పట్లాగే ఆపుకుంటారు. బయోస్‌లో (విండోస్ రాకముందు తెరుచుకునే సెట్టింగ్స్) ఏసీ పవర్ లాస్ అనే మాటున్న ఆప్షన్ వెతికి పవర్ ఆన్ పెట్టు, కరెంటు పోయి వచ్చాక దానంతటదే లేస్తుంది. లేచినా ఎవరూ లాగిన్ అవ్వకపోతే టెయిల్‌స్కేల్ రాదు, దాని సెట్టింగ్స్‌లో రన్ అనటెండెడ్ టిక్ పెట్టాలి. కీ ఎక్స్‌పైరీ (ఆ మెషీన్ లాగిన్‌కి ఉండే గడువు) కూడా తీసెయ్, లేకపోతే ఆర్నెల్లకి సరిగ్గా జీఎస్టీ ముందు రోజు లాగౌట్ అవుద్ది.

గాజువాక_లెక్కలు:
లైను వేయించాం, ఓనరు గారు ముందు వినలేదు, ఎంసీబీ దానంతటదే పడిపోద్దని ఎలక్ట్రీషియన్ చూపించాక ఒప్పుకున్నారు. స్విచ్ మీద స్కెచ్ పెన్నుతో "ఆపరాదు" అని ఆయనే రాశారు. నిన్న రాత్రి పదకొండింటికి పర్చేజులన్నీ ఎక్కించేశా, అమ్మ పక్కన కూర్చునే. ఒక్కటే, లెడ్జర్ ప్రింట్ ఇస్తే ఇంట్లో ప్రింటర్‌కి రాలేదు, పొద్దున్న షాపులో ప్రింటర్ ఆన్ చేయగానే పద్నాలుగు పేజీలు బయటికొచ్చాయంట, మా కుర్రాడు భయపడి ఫోన్ చేశాడు.

కేబుల్_మనిషి:
ప్రింట్ ఇచ్చేటప్పుడు లిస్టులో పేరు చివర రీడైరెక్టెడ్ అని ఉన్నది చూసి ఎంచుకో, అదే మీ ఇంట్లోది. ఆ లిస్టులో లేకపోతే కనెక్ట్ అయ్యే ముందు లోకల్ రిసోర్సెస్‌లో ప్రింటర్స్ టిక్ చెయ్యి.