హాలోజన్లు తీసి ఎల్ఈడీ పెడితే హాలు రికార్డింగ్ డాన్స్ స్టేజీ అయింది, ఎందుకు?

హన్మకొండ కోడలు:

అందరికీ నమస్కారం. మూడేళ్ల కిందట ఒకరు వాడిన ఇల్లు కొన్నాం. అమ్మినాయన 2009లో ఎంత ముచ్చటపడి కట్టించుకున్నాడో గానీ, హాలు నిండా పీఓపీ సీలింగు, అందులో పన్నెండు గుండ్రటి గుంటలు, ఒక్కో గుంటలో 50 వాట్ల హాలోజన్ బల్బు. అన్నీ వేస్తే పెళ్లి మండపమే. కింద కూర్చుంటే నడినెత్తి కాలుతుంది. గుంటల చుట్టూ పీఓపీ మీద అట్టు మాడినట్టు గోధుమరంగు మచ్చలు.

మామయ్యగారు రిటైర్డ్ లెక్కల మాస్టారు. పన్నెండు యాభైలు ఆరు వందలు, రోజుకు ఐదు గంటలేస్తే మూడు యూనిట్లు, నెలకు తొంభై. యూనిట్‌కు రూ.8 వేసుకున్నా రూ.720. "హాల్లో కూర్చున్నందుకు నెలనెలా కిరాయి కడుతున్నామమ్మా" అంటారు. కరెంటు పోయినప్పుడు ఎవరైనా మరిచిపోయి ఆ లైట్లు వేశారంటే ఇన్వర్టర్ కుయ్యోమంటుంది.

సరేనని 5 వాట్ల ఎల్ఈడీలు ఆరు తెచ్చాను. అదే సైజు, అవే రెండు సన్న పిన్నులు, డబ్బా మీద ఎంఆర్16, 12 వోల్టులు అని ఉంది. మెయిన్ ఆపి, స్టూలెక్కి నేనే మార్చాను. స్విచ్ వేశానో లేదో, ఆరూ టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. అత్తయ్య జపమాల పట్టుకుని లోపలికి వెళ్లిపోయారు.

విచిత్రం ఏమిటంటే, అనుమానమొచ్చి ఒక ఎల్ఈడీ తీసి పాత హాలోజన్ పెట్టాను. దాని పక్కనున్న ఎల్ఈడీ బుద్ధిగా వెలగడం మొదలుపెట్టింది! మిగతా నాలుగూ మాత్రం అలాగే.

ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే "ఎల్ఈడీలు మీ లైనుకు పడవు మేడం, సీలింగు విప్పాలి" అన్నాడు. నేను వద్దంటున్నా వినకుండా, సీలింగు పైన బల్బులకు కరెంటు ఇచ్చే చిన్న డబ్బా ఉంటే, దాన్ని తప్పించి ఒకదానికి డైరెక్టుగా లైను ఇచ్చాడు. టప్ మని పేలింది. రూ.300 తీసుకుని వెళ్లాడు.

ఇంకో రెండు సందేహాలు. బాల్కనీలో మామూలు 9 వాట్ల ఎల్ఈడీ పెడితే, స్విచ్ ఆపినా రాత్రంతా మిణుగురులా వెలుగుతోంది. పూజగదిలో తెల్ల లైటు పెడితే అమ్మవారి పసుపు ముఖం పాలిపోయిందని అత్తయ్య గొడవ. దేనికదే చెప్పినా సరే, దయచేసి చెప్పండి.

సబ్‌స్టేషన్ తాత:

అమ్మా, జబ్బేమిటో నువ్వే కనిపెట్టేశావు, పేరు తెలియదంతే. సీలింగు పైనున్న ఆ డబ్బా ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్. 230 వోల్టులను 12కు దించుతుంది. దాని మీద చీటీ చదువు, 20-60 వాట్లు అనో 35-105 వాట్లు అనో ఉంటుంది. చాలామంది రెండో అంకె ఒక్కటే చూస్తారు, నీ పేచీ మొదటి అంకెతో. కనీసం అంత లోడు పడితేనే అది నిలకడగా పనిచేస్తుంది. పెద్ద మిక్సీ జారులో ఒక్క మిరపకాయ వేస్తే నలుగుతుందా? అలాగే ఇదీ. ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. నీ కంటికి టపటపలాడినట్టు ఉంటుంది.

నీ ఇంట్లో రెండేసి బల్బులకు ఒక డబ్బా ఉన్నట్టుంది. హాలోజన్ 50, ఎల్ఈడీ 5, కలిపి 55, దానికి సరిపోయింది. రెండూ ఎల్ఈడీలైతే పదే. పాతకాలపు బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మరైతే ఇంత పేచీ పెట్టదు.

సీలింగు విప్పక్కర్లేదు. గుంటలోంచే డబ్బా బయటికి లాగి, దాని స్థానంలో ఎల్ఈడీలకు వాడే 12 వోల్టుల డీసీ డ్రైవర్ పెట్టించు. రెండు బల్బులకు 15 వాట్లది చాలు. బల్బు డబ్బా మీద ఏసీ/డీసీ అని ఉందో లేదో చూసుకో.

పేలిన దాని గురించి చెప్పేదేముంది, 12 వోల్టుల బల్బుకు 230 ఇస్తే పేలక ఏం చేస్తుంది. ఆ మనిషిని మళ్లీ పిలవకు.

బాల్కనీ సంగతి తేలిగ్గా తీసుకోకు. స్విచ్‌లో చిన్న ఎర్ర ఇండికేటర్ ఉంటే దాని గుండా వెళ్లే పిసరంత కరెంటుకే ఎల్ఈడీ మిణుకుమంటుంది, భయం లేదు. ఇండికేటర్ లేకపోతే, స్విచ్ ఫేజు (కరెంటు వచ్చే తీగ) మీద కాక న్యూట్రల్ (తిరిగి వెళ్లే తీగ) మీద ఉందేమో చూపించు. అలా ఉంటే స్విచ్ ఆపినా హోల్డర్‌లో ఫేజు ఉంటుంది. పాత బల్బు వెలగదు కాబట్టి ఇన్నేళ్లూ ఎవరికీ తెలిసి ఉండదు. ముట్టుకుంటే మాత్రం కొడుతుంది.

స్లౌ నుంచి ఒకడు:

అక్కా, ఇంగ్లండ్‌లో మా ఫ్లాట్‌లోనూ ఇలాగే సీలింగు నిండా హాలోజన్లు ఉండేవి. కాకపోతే ఇక్కడివి జీయూ10, పిన్నుల చివర బుడిపెలుంటాయి, లోపలికి నొక్కి తిప్పాలి. నేరుగా 230 వోల్టులే కాబట్టి మధ్యలో డబ్బా గొడవ లేదు, పది బల్బులు పది నిమిషాల్లో అయిపోయాయి. మీరూ డ్రైవర్లతో పడలేకపోతే డబ్బా తీయించేసి జీయూ10 హోల్డర్లు పెట్టించుకోవచ్చు.

నేను చేసిన తప్పు చెబుతాను. వెలుతురు ఎంత వెడల్పున పడుతుందో చూడకుండా కొన్నాను. పాత హాలోజన్ 36 డిగ్రీలు, గోడ మీద ఫొటో వరకే పడేది. కొత్తవి 110. సోఫాలో వెనక్కి వాలితే పదీ కళ్లలోకే. మళ్లీ కొన్నాను.

చీరల కొట్టు:

పూజగది విషయం నేను చెబుతాను, రంగులు మా వ్యాపారం కదా. మీరు తెచ్చింది కూల్ డే లైట్, 6500 కెల్విన్ అయి ఉంటుంది. కెల్విన్ అంటే వెలుగు రంగు కొలత, అంకె తగ్గేకొద్దీ పసుపు ఛాయ ఎక్కువ. హాలోజన్ వెలుగు 3000కు అటూఇటూ. వార్మ్ వైట్ అని ఉన్నది తెచ్చుకోండి. దాంతోపాటు సీఆర్ఐ, అంటే రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే అంకె, 90 అని ఉంటేనే తీసుకోండి. అది తక్కువైతే లైటు పసుపుగా ఉన్నా ఎరుపులు చచ్చిపోతాయి. మా కొట్లో మొదట్లో చవకవి పెట్టి, కుంకుమ రంగు చీర ఇటుక రంగులా కనబడి, మనిషిని వెంటబెట్టుకుని వీధిలోకి వెళ్లి చూపించాల్సి వచ్చేది. వంటింట్లో కూడా సీఆర్ఐ చూడండి. ఆవకాయ రంగు చూసి మోసపోకూడదు కదా!

హన్మకొండ కోడలు:

తాతగారూ, చీటీ చదివాను. ధూళి తుడిస్తే గానీ కనబడలేదు: 35-105. మామయ్యగారు చప్పట్లు కొట్టినంత పని చేశారు.

వేరే అబ్బాయి వచ్చి ఆరు డ్రైవర్లు పెట్టాడు. గుంటలోంచి చెయ్యి పెట్టి పాత డబ్బాలు లాగితే రెండింటి వైర్ల తొడుగు వేడికి గట్టిపడి, వేళ్లతో వంచగానే అప్పడంలా విరిగింది. బిల్లు సంగతి అటుంచి, అది చూశాక ముందే మార్చనందుకు భయమేసింది. ఆ ముక్కలన్నీ కత్తిరించేసి కొత్త వైరు వేశాడు. ఇప్పుడు పన్నెండూ ఎల్ఈడీలే, ఒక్కటీ కొట్టుకోవడం లేదు. అన్నీ వేసినా అరవై వాట్లు, ఇన్వర్టర్ కిక్కురుమనడం లేదు.

ఒకటి చెప్పడం మరిచిపోయాను. ఆ లైట్లకు పాత డిమ్మర్ ఉండేది. మామయ్యగారు టీవీ చూసేటప్పుడు తగ్గించుకునేవారు. ఈ బల్బులు, డ్రైవర్లు దానికి పనికిరావని ఆ అబ్బాయి డిమ్మర్ తీసేసి మామూలు స్విచ్‌లు పెట్టాడు. ఆయన ముఖం చిన్నబోయింది. అందుకని టీవీ వైపున్న రెండు బల్బులను వేరే స్విచ్‌కు మార్పించాను. ఇప్పుడు ఆ రెండే వేసుకుని వార్తలు చూస్తున్నారు, "పది వాట్లమ్మా" అని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నారు.

పూజగదిలో 3000 కెల్విన్, సీఆర్ఐ 90 పెట్టాం. అత్తయ్య ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే నచ్చినట్టే.

బాల్కనీ మాత్రం మీరు భయపడినట్టే, ఇండికేటర్ లేదు. స్విచ్ ఆపి హోల్డర్‌లో టెస్టర్ పెడితే భగ్గున వెలిగింది. పై అంతస్తు బోర్డు మొత్తం అలాగే కలిపారట. ఆదివారం ఆ అబ్బాయి వస్తానన్నాడు. అప్పటిదాకా బాల్కనీ బల్బు జోలికి ఎవరూ వెళ్లకుండా మామయ్యగారు స్విచ్ మీద స్టిక్కర్ అతికించారు, ఎర్ర సిరాతో "ముట్టరాదు" అని, కింద సంతకం, తేదీ.

సబ్‌స్టేషన్ తాత:

సంతకం కూడానా! మాస్టారికి నా నమస్కారాలు చెప్పు. ఆదివారం వచ్చినప్పుడు ఎర్తింగు కూడా చూడమను.