పిన్నీ అనాలా, అత్తయ్యా అనాలా?

పోయిన నెలంతా ఒకటే మాంగా (జపాన్ బొమ్మల కథ) చదివాను. చదువుతూ చదువుతూ మా చెల్లి కోసం కొన్ని పేజీలు తెలుగులో రాసిపెడదామని కూర్చుని, మొదట్లోనే ఒక్క పిలుపు దగ్గర ఆగిపోయి ఇక్కడికి వచ్చాను. వావి వరసల మీద నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ గ్రూపులో ఉన్నారు కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

పుస్తకం పేరు "ఫ్యామిలీ కాంపో". సిటీ హంటర్ అనే మాంగా గీసిన సుకాసా హోజోదే. 1996 నుంచి 2000 దాకా మాంగా ఆల్‌మన్ అనే పత్రికలో వచ్చింది, మొత్తం 14 సంపుటాలు. మాసాహికో అని ఒక కాలేజీ కుర్రాడు. తల్లి చిన్నప్పుడే పోయింది, ఇప్పుడు తండ్రి కూడా పోయాడు. తల్లి వైపు చుట్టాలు వాకనాయె వాళ్ళు తమ ఇంట్లో ఉండమని పిలుస్తారు. ఆ ఇంటావిడ యుకారి అచ్చం మాసాహికో అమ్మలా ఉంటారు, ఇంటాయన సోరా మాంగా గీస్తారు, ఒక బిడ్డ షియోన్. ఇంతా అయ్యాక తెలుస్తుంది, యుకారి పుట్టుకతో మగ, సోరా పుట్టుకతో ఆడ, షియోన్‌ని కన్నది సోరాయే అని. షియోన్ సంగతి ఇంకా చిత్రం. కొన్నాళ్ళు అబ్బాయిగా, కొన్నాళ్ళు అమ్మాయిగా బడికి వెళ్ళిన మనిషి, అసలేమిటన్నది కథ చాలా దూరం దాచిపెడుతుంది.

నాకు ఇందులో బాగా నచ్చింది నవ్వు ఎక్కడ పుడుతుందన్నది. యుకారిని హోజో ఎక్కడా వెక్కిరింపుగా గీయలేదు, నిజంగా అందమైన ఆవిడలాగే గీశారు, ఆ ఇల్లు మామూలు ఇల్లు, వంట, పని, బిడ్డ గురించి దిగులు, అంతే. టెన్షన్ పడేది మాసాహికో ఒక్కడే. ఆ కంగారులోంచే హాస్యమంతా వస్తుంది. సోరా దగ్గర పనిచేసే సహాయకులు కూడా ఆడబట్టలు కట్టే మగవాళ్ళే కావడంతో వీడికి ఇంట్లో ఏ మూలా తెరిపి దొరకదు.

ఇక నా సమస్య. జపనీస్‌లో "ఒబాసాన్" అంటే అమ్మ అక్కచెల్లెళ్ళు, నాన్న అక్కచెల్లెళ్ళు, బాబాయి భార్య, మేనమామ భార్య, అందరూ అందులోనే. రాతలో మాత్రం అమ్మకో నాన్నకో పెద్దా చిన్నా అనే తేడా అక్షరంలో కనిపిస్తుంది, పలికితే ఒకటే మాట. మగవాళ్ళందరూ "ఒజిసాన్", వాళ్ళ పిల్లలంతా "ఇతోకో". అందుకని మాసాహికో ఎవరిని ఏమని పిలిచినా ఏ చిక్కూ లేదు.

మనకి అలా జరుగుబాటు కాదు. యుకారి మాసాహికో తల్లికి తోబుట్టువు. ఆడమనిషిగా చూస్తే అమ్మ చెల్లెలు, పిన్ని. రక్తం లెక్కన చూస్తే అమ్మ తమ్ముడు, మేనమామ. పిన్ని అన్నామా, సోరా బాబాయి అవుతారు, షియోన్ చెల్లో తమ్ముడో అయిపోతారు. మామయ్య అన్నామా, సోరా అత్తయ్య, షియోన్ మరదలో బావమరిదో. ఇది ఏదో చుట్టరికాల సరదా అనుకోకండి, ఎందుకంటే మాసాహికో మనసు పడేది షియోన్ మీదే. జపాన్‌లో దానికి అడ్డు లేదు, వాళ్ళ పౌరస్మృతి 734వ సెక్షన్ పక్క చుట్టరికాల్లో మూడో మెట్టు దాకానే పెళ్ళి కుదరదంటుంది, ఇతోకోలు నాలుగో మెట్టు. తెలుగులో మాత్రం పిన్ని బిడ్డ అని ఒక్కసారి చెవిన పడితే చాలు, ఆ ప్రేమ కథ చదువుతున్నవాళ్ళకి ఒళ్ళు ముడుచుకుపోతుంది. అదే మేనమామ బిడ్డ అంటే మన ఇళ్ళల్లో పుట్టినప్పుడే ముడిపెట్టేసే వరస. అంటే కథలో ఎవరూ నోరు విప్పకముందే, నేను ఎంచుకునే ఒక్క పిలుపు ఆ ఇద్దరి మధ్య ఏం జరగొచ్చో తేల్చేస్తోంది!

క్రియల దగ్గర ఇంకో చిక్కు. జపనీస్ క్రియకి ఆడామగా తేడా లేదు, మనకి ప్రథమ పురుషలో "వచ్చాడు", "వచ్చింది" అని తేల్చాల్సిందే. "తను" అని తప్పించుకుందామన్నా చివర క్రియ పట్టిస్తుంది. కానీ వెతికితే మన భాషలో దాక్కునే చోట్లు చాలా ఉన్నాయి. "నేను వచ్చాను", "నువ్వు వచ్చావు" ఎవరికైనా సరిపోతాయి. "రాలేదు", "తెలుసు", "ఇష్టం", "కావాలి" వీటిల్లో గుట్టు బయటపడదు. యుకారి, సోరాలకు మర్యాద బహువచనం ఉండనే ఉంది, "వచ్చారు" అంటే సరి. బడికెళ్ళే బిడ్డకి "వచ్చారు" అంటే నప్పదు కాబట్టి షియోన్ దగ్గరే కష్టపడాలి. పైన షియోన్ గురించి రాసిన వాక్యాలు మళ్ళీ చూడండి, ఎక్కడా తేల్చకుండానే రాశాను. మా ఇంట్లో నాన్న చెల్లిని కూడా "ఏరా", "నాన్నా" అనే పిలుస్తారు, మాసాహికో షియోన్‌ని పిలవడానికి అదీ పనికొస్తుందేమో.

"వేషం" అనే మాట గురించి కూడా ఒక్క ముక్క. ఆడవేషం అనగానే మనకి నాటకాల్లో స్థానం నరసింహారావు గారు, కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు గుర్తొస్తారు, ఎంతో గౌరవమున్న మాట. మాసాహికోకి కాలేజీ సినిమా క్లబ్బులో ఆడపాత్ర అంటగడతారు, దానికి ఈ మాట అతికినట్టు సరిపోతుంది. యుకారికి వాడటానికి మాత్రం నాకు చేయి రాలేదు. వేషం అంటే రంగు కడుక్కుని ఇంటికి వెళ్ళేది, ఆవిడ ఇల్లే అది. అక్కడ "ఆవిడ" అని రాసి ఊరుకున్నాను.

మీరైతే ఏమని పిలిపిస్తారో చెప్పండి.

చేరుస్తున్నాను: కింద జగిత్యాల అన్న రాసింది చూశాను. వాళ్ళ వైపు చిన్నమ్మ అంటారనీ, ఆ మాటలోనే అమ్మ ఉందనీ, అమ్మ ముఖం చూసిన పిల్లవాడి నోట అదే రావాలనీ. అన్నా, మీరన్నది నా మనసుకి పట్టింది, నేను మొదట పిన్ని అని రాసుకున్నదీ అందుకే. అయినా షియోన్ దగ్గరకొచ్చేసరికి అడ్డం తగులుతోంది.

మళ్ళీ: ఇంకొక అక్క చెప్పిన ఉపాయం నాకు తట్టనే లేదు. యుకారిని అత్తయ్య, సోరాని మామయ్య అనమన్నారు. అంటే తల్లికి తోబుట్టువు సోరాయే అన్నట్టు పిలుపు ఒక్కటి మార్చడం. వాళ్ళు బతుకుతున్న తీరుకి సరిపోతుంది, షియోన్ మేనమామ బిడ్డగానే ఉంటుంది (చూశారా, ఇక్కడ దొరికిపోయాను, "షియోన్‌తో మేనమామ వరసే నిలుస్తుంది" అని చదువుకోండి). పోయేదల్లా పిన్నిలో ఉన్న ఆ అమ్మతనం. రెండు రోజులు దాని గురించే ఆలోచించాను. చివరికి అనిపించింది, ఇది నవల అయితే పిన్ని అనే ఉంచేవాణ్ణి, కానీ ఇది బొమ్మల కథ, అమ్మ పోలిక హోజో గీసిన ముఖంలోనే ఉంది, అది మాటలో కూడా మోయాల్సిన పని లేదు. షియోన్ వరస మాత్రం ఏ బొమ్మలోనూ కనపడదు, దాన్ని మాటే కాపాడాలి. అందుకని అత్తయ్య.

నిన్న రాత్రి మార్చిన పేజీలు చెల్లికి ఇచ్చాను. కాసేపటికి తల ఎత్తి, "అత్తయ్య అంటే మామయ్య భార్య కదా, మరి వాళ్ళమ్మలా ఎందుకుంది?" అంది. ఇంకాస్త చదవమన్నాను.