గుండె మార్పిడికి ముందు పెట్టే పంపుల గురించి ఎవరికైనా తెలుసా అండీ?

రాజోలు_కుర్రోడు:
నమస్కారం అండీ. మా బావగారికి 44 ఏళ్ళు, గుండె బాగా పెద్దదైపోయి పంపింగ్ 15 శాతానికి పడిపోయింది, ఆయాసం ఎక్కువైతే అమలాపురంలో చూపించి అట్నుంచి అటే అంబులెన్సులో హైదరాబాద్ తీసుకొచ్చేశాం. ఐసీయూలో తొడ దగ్గర్నుంచి బెలూన్ పెట్టారు. ఒకాయన ఎక్మో మిషన్ పెట్టాల్సి రావచ్చంటారు, ఇంకొకాయన ఎల్‌వ్యాడ్ అంటారు, అంటే గుండెకి సాయంగా లోపల పెట్టే పంపంట. అవయవదానం చూసే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో గుండె కోసం పేరు రాయించాం. వీటిల్లో ఏదో ఒకటి పెట్టించేసి ఇంటికి తీసుకెళ్ళిపోవచ్చా అని మా అక్క ఒకటే అడుగుతోంది. మా ఊళ్ళో గాలి కాస్త గట్టిగా వేస్తే కరెంటు పోద్ది, అదో భయం.

ఐసీయూ_డ్యూటీ (కాకినాడ):
బెలూన్, ఎక్మో రెండూ ఇంటికి రావండీ, మంచం పక్కనే మనిషి ఉండి చూసుకోవాల్సినవి. బెలూన్ పెద్ద ధమనిలో ఉంటది, గుండె సేద తీరినప్పుడు ఉబ్బి కొట్టుకునే ముందు ముడుచుకుంటది, దాంతో గుండెకి కాస్త బరువు తగ్గుద్ది అంతే. అది చాలకపోతే ఎక్మో, రక్తం బయటికి లాగి ఆక్సిజన్ ఎక్కించి మళ్ళీ లోపలికి తోస్తది, కానీ రోజులు గడిచేకొద్దీ బ్లీడింగ్, ఇన్ఫెక్షన్, ట్యూబు పెట్టిన కాలికి రక్తం అందకపోవడం ఇలాంటివి మొదలవ్వొచ్చు. మీరు రోజూ అడగాల్సింది యూరిన్ ఎంత వచ్చింది, కిడ్నీ సంగతి చెప్పే క్రియాటినిన్ ఎంత, లివర్ సంగతి చెప్పే బిలిరుబిన్ ఎంత అని. గుండె దొరికేలోపు కిడ్నీ, లివర్ దెబ్బతింటే ఆపరేషనే కష్టమైపోద్ది, ఈ మిషన్లు పెట్టేదే వాటిని కాపాడ్డానికి. ఇంకోటి, ఆ ట్యూబు ఉన్నన్నాళ్ళు కాలు మడవనివ్వరు, బావగారు చిరాకు పడినా మీరు మాత్రం సాయం చెయ్యకండి 😀

పాలకొల్లు_పిన్ని:
బాబూ, ఇంటికొచ్చేది ఎల్‌వ్యాడ్ ఒక్కటే. మా మరిదికి హార్ట్‌మేట్ 3 అనే ఎల్‌వ్యాడ్ పెట్టారు. పొట్ట పక్కనుంచి వైరు బయటికొచ్చి నడుముకున్న కంట్రోలర్‌కి కలుస్తది. రెండు బ్యాటరీలూ ఫుల్లుగా ఉంటే 17 గంటల దాకా వస్తాయన్నారు, అయినా మేం ఇన్వర్టర్ పెట్టించాం, తుఫానొస్తే ఎవర్ని నమ్ముతాం చెప్పు. మా వీధి ఆరెంపీ గారు చెయ్యి పట్టుకుని నాడి దొరక్క హడలిపోయాడు, ఆ పంపు రక్తాన్ని ఆగకుండా తోస్తది కాబట్టి నాడి సరిగ్గా తెలీదంట. కాలవ స్నానాలు బంద్. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వాడతారు, ఆకుకూర దాని పనిని తగ్గిస్తది, అలాగని ఆకుకూర మానక్కర్లేదు గానీ ఒక వారం రోజూ తోటకూరా ఇంకో వారం అసల్లేకుండా అలా చెయ్యకూడదు. ఖర్చు మాత్రం చాలా ఎక్కువ, ముందే కాయితం మీద రాయించుకోండి.

భీమవరం_బాబాయ్:
ఎల్‌వ్యాడ్ గుండె ఎడమ పక్కకే సాయం చేస్తది, కుడి పక్క ఎలా ఉందో అడిగావా? మార్పిడికైతే గుండె ఇచ్చినోళ్ళతో బ్లడ్ గ్రూపు, ఒడ్డూ పొడుగూ కుదరాలి, తీసిన గుండెని మామూలుగా 4 గంటల్లోపు పెట్టేయాలి, అందుకే లిస్టులో ఉన్నోళ్ళు సిటీకి దగ్గర్లో ఉండటం మేలు. అన్నట్టు మన దేశంలో మొదటి గుండె మార్పిడి 1994లో ఢిల్లీ ఎయిమ్స్‌లో చేసిన వేణుగోపాల్ గారిది మన రాజమండ్రే!

రాజోలు_కుర్రోడు:
ఆయ్, థాంక్సండీ అందరికీ. కుడి పక్క సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, రేపు ఎకో (గుండె స్కానింగ్) ఉంది, అప్పుడు అడుగుతాను. పిన్నిగారూ, ఇన్వర్టర్ ఎంతది పెట్టించారు?