వైరల్ లోడ్ అదుపులో ఉన్నా స్టాటిన్ ఎందుకు?

ప్రశ్న: మా అన్నయ్యకు 46 ఏళ్లు, హెచ్‌ఐవీ ఉంది. ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందుల చికిత్స) సెంటర్‌లో ఇచ్చే టీఎల్‌డీ (మూడు మందులు కలిపిన మాత్ర) వాడుతున్నారు. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) పరీక్షకు అందనంత తక్కువ. బీపీ, షుగర్ లేవు, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 112. అయినా డాక్టరు గారు స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) వేసుకోమంటున్నారు. సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) చేయించి, అది ఎక్కువుంటేనే మొదలుపెడితే సరిపోదా?

జవాబు 1: ఇక్కడ అసలు చిక్కు కొలెస్ట్రాల్ కాదండీ, ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో లోలోపల ఉండే వాపు). హెచ్‌ఐవీ సోకిన తొలి వారాల్లోనే పేగు గోడలోని సీడీ4 కణాలు (రోగనిరోధక కణాలు) విపరీతంగా నశిస్తాయి. తర్వాత మందులతో రక్తంలో సీడీ4 పెరిగినా పేగు గోడ పూర్తిగా కోలుకోదు. బ్యాక్టీరియా తునకలు అక్కణ్నుంచి రక్తంలోకి జారుతూనే ఉంటాయి. వాటితో రేగిన మోనోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) రక్తనాళాల గోడల్లో చేరి కొవ్వును మింగి పూడికగా మారతాయి.

హెచ్‌ఐవీ ఉన్నవారికి స్టాటిన్ ఇచ్చి చూసిన రిప్రీవ్ ట్రయల్ పరిశీలించింది మీ అన్నయ్యలాంటి వాళ్లనే: 40–75 ఏళ్లవారు, గుండె ముప్పు తక్కువ నుంచి ఓ మోస్తరుగా ఉన్నవారు, మొత్తం 7,769 మంది. మన దేశం నుంచీ ఉన్నారు. రోజూ పిటావాస్టాటిన్ 4 మి.గ్రా. వేసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 35 శాతం తగ్గాయని 2023లో తేలింది. ముప్పు బాగా తక్కువైతే లాభమూ చిన్నదే. కాబట్టి ముందు రాబోయే పదేళ్లలో గుండె జబ్బు ముప్పు ఎంతో లెక్క వేయించండి. 5 శాతం దాటితే నా మటుకు వెనకాడక్కర్లేదు.

జవాబు 2: సీఆర్‌పీని నమ్ముకోవద్దు. జలుబు చేసినా, చిగుళ్లు వాచినా పెరుగుతుంది. ముందు చేయించాల్సినవి లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష), ఏఎల్‌టీ (కాలేయ పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు). స్టాటిన్‌తో కొందరికి షుగర్ వస్తుంది, అందుకే చివరిది.

పిటావాస్టాటిన్ దొరక్కపోతే అటోర్వాస్టాటిన్ 20 గానీ రోసువాస్టాటిన్ 10 గానీ వాడతారు. టీఎల్‌డీతో ఇవేవీ పేచీ పెట్టవు. రేపు మందులు మార్చి రిటోనావిర్ (మరో హెచ్‌ఐవీ మందు) ఉన్నవి ఇస్తే మాత్రం సిమ్వాస్టాటిన్ అసలు వాడకూడదు. రక్తంలో దాని మోతాదు ఎన్నో రెట్లు పెరిగి కండరాలు కరిగిపోవచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు. ఒళ్లునొప్పులతో పాటు మూత్రం ముదురు రంగులో వస్తే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న అడిగినవారు: స్టాటిన్ మొదలుపెట్టాక ఏఆర్‌టీకి కొన్నాళ్లు విరామం ఇవ్వొచ్చా?

జవాబు 1: వద్దు, ఒక్క రోజు కూడా. స్మార్ట్ అనే ట్రయల్‌లో హెచ్‌ఐవీ మందులు ఆపి ఆపి వాడినవారికి గుండె జబ్బులు, మరణాలు రెండూ పెరిగాయి. మందు ఆపిన నెలలోపే డీ-డైమర్ (రక్తం గడ్డకట్టడాన్ని చూపేది), ఐఎల్-6 (వాపును చూపేది) ఎగబాకాయి. సిగరెట్ అలవాటుంటే స్టాటిన్ కన్నా ముందు దాన్ని మాన్పించండి.