అప్‌డేట్: టాటా ఏస్ మీద స్ప్రే సెటప్ అయిపోయింది

బెంగళూరు సర్జాపూర్ రోడ్డు పక్కన మా నిర్మాణ సైటులో దుమ్ము అణచడానికి టాటా ఏస్ మీద ట్యాంకు, హెచ్‌టీపీ పంపు (నీళ్లను ఎక్కువ ఒత్తిడితో చిమ్మేది) ఎలా బిగించాలని అడిగాను కదా. బండి తిరుగుతోందండీ! వెయ్యి లీటర్ల ట్యాంకు వద్దన్నవాళ్లకు థ్యాంక్స్. నీళ్లే టన్ను బరువు, పైన ట్యాంకు, పంపు, ఇంజను అదనం. 500 లీటర్ల ఇనుప ట్యాంకు చేయించాం. లోపల రంధ్రాలున్న అడ్డురేకులు వెల్డింగ్ చేయించాక బ్రేకు వేసినా నీళ్లు ఎగిరి ముందుకు కొట్టడం లేదు. స్ప్రే గన్ మూస్తే నీళ్లు బైపాస్ పైపులోంచి తిరిగి ట్యాంకులోకే వస్తాయి. ఆ పైపు లేకుంటే పంపు సీళ్లు పోతాయని మెకానిక్ అన్న గట్టిగా చెప్పాడు. బెంగళూరులో 2024 మార్చిలో నిర్మాణాలకు తాగునీరు వాడొద్దన్నారు కాబట్టి మేం వాడేది ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి కేంద్రం) నీళ్లే. అందుకే ఫిల్టరు జాలీ రోజూ కడగాల్సి వస్తోంది, అదొక్కటే తలనొప్పి. బండి వెనక బార్‌కు ఫ్లాట్ ఫ్యాన్ నాజిళ్లు (నీళ్లను విసనకర్రలా పరిచి చల్లేవి) వచ్చే వారం బిగిస్తాం.