మేడ మీద వాటాకి మూడేళ్ళ అగ్రిమెంటు అడుగుతున్నారు, రాయొచ్చా?

కోనసీమ కోడలు:
అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం పక్కనే. కింద నేను, అత్తయ్యగారు, పిల్లలు ఉంటాం. మా ఆయన కువైట్‌లో. మేడ మీద రెండు గదులు, వంటిల్లు కొత్తగా వేశాం. ఒక బ్యాంకు ఉద్యోగి కుటుంబం చూసి నచ్చిందన్నారు. అద్దె 9,500, అడ్వాన్సు మూడు నెలలది. ఆషాఢం వెళ్ళాక శ్రావణంలో పాలు పొంగించుకుని దిగుతామన్నారు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఆయన మూడేళ్ళకి రాయమంటున్నారు. పాప ఆరో తరగతిలో చేరిందట, మధ్యలో ఖాళీ చెయ్యమంటే బడి మార్చాల్సి వస్తుందని భయం. ఆఫీసులో చూపించడానికి ఓనరు పాన్ నంబరు కూడా కావాలట. మా ఊళ్ళో దస్తావేజులు రాసే ఆయన్ని అడిగితే "పదకొండు నెలలకి స్టాంపు పేపరు మీద రాసేద్దామమ్మా, అందరూ అంతే" అన్నారు. పదకొండే ఎందుకో చెప్పలేదు. అత్తయ్యగారేమో "పన్నెండేళ్ళుంటే ఇల్లు వాళ్ళదైపోద్ది, అసలు కాగితమే వద్దు" అని కూర్చున్నారు.

ఇంకోటి, నవ్వకండి. పెరట్లో నాలుగు కొబ్బరి చెట్లున్నాయి. ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు వాళ్ళావిడ "కాయలు మేమూ వాడుకోవచ్చు కదండీ" అంది. నేను ఊఁ అన్నానో లేదో నాకే గుర్తులేదు. ఇవన్నీ కాగితం మీద రాస్తారా?

పాత గుమస్తా, రాజమండ్రి:
అమ్మా, వకీలు గారి దగ్గర ముప్ఫై ఏళ్ళు గుమస్తాగా చేశాను. వకీలుని మాత్రం కాను, అది గుర్తుపెట్టుకుని చదవండి.

పదకొండు నెలల కథ ఇదీ. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజు రిజిస్టరు చెయ్యాల్సిందే. ఆ ఖర్చు, ఆ తిరుగుడు తప్పించుకోడానికి ఏడాదికి ఒక నెల తక్కువ రాయడం అలవాటైపోయింది. కానీ మన ఆంధ్రలో 1999 సవరణ నుంచి గడువు ఎంతైనా లీజు రిజిస్టరు చెయ్యాల్సిందే, కాబట్టి ఇక్కడ ఆ అలవాటుకి చట్టంలో ఆసరా లేదు. మూడేళ్ళని రాసి రిజిస్టరు చెయ్యకపోవడం ఇంకా తప్పు. అలా రాస్తే రేపు తగాదా వచ్చినప్పుడు ఆ మూడేళ్ళ గడువుకి ఆ కాగితం సాక్ష్యంగా చెల్లదు. నెలనెలా అద్దెకున్నట్టే లెక్క. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో అలాంటి అద్దెకి 15 రోజుల నోటీసు చాలు. అంటే ఆ పిల్ల బడి గురించి రాయించుకున్న మూడేళ్ళు నీళ్ళపాలే. నోటరీ ముద్ర వేయిస్తే రిజిస్టరు అయినట్టే అనుకునేవాళ్ళని చాలామందిని చూశాను. కాదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో, ఇద్దరి సంతకాలతో అయితేనే.

ఆయన అడిగిన కారణం న్యాయంగానే ఉంది. కాబట్టి మూడేళ్ళకే రిజిస్టరు చేయించండి, ఖర్చు చెరిసగం పెట్టుకోండి. కానీ బ్యాంకు వాళ్ళకి ఎప్పుడు ట్రాన్స్‌ఫరు వస్తుందో వాళ్ళకే తెలీదు. మూడేళ్ళు అడిగిన మనిషే ఏడాదిన్నరకి సామాను సర్దుకోవచ్చు. అందుకని బదిలీ అయితే ఎన్ని రోజుల ముందు చెప్పాలో, ఏటా అద్దె ఎంత పెంచుతారో ఇప్పుడే అంకెల్లో రాయండి. "ఉభయులూ మాట్లాడుకుని పెంచుకోవలెను" అని రాస్తే తగాదాకి మీరే ముహూర్తం పెట్టినట్టు.

మీ అత్తగారి పన్నెండేళ్ళ భయం పాతది, మా అమ్మకీ ఉండేది. యజమానికి ఎదురుతిరిగి, నాదేనని పన్నెండేళ్ళు అనుభవించినవాడి సంగతి అది. అద్దె కట్టి, మీ అనుమతితో ఉన్నవాడికి వర్తించదు. ఆవిడకి చెప్పండి, కాగితమూ అద్దె రసీదులూ ఉంటేనే ఇంటికి రక్ష. కాగితం లేకపోతేనే రేపు "నేను అద్దెకి లేను" అనే అవకాశం.

కొబ్బరికాయలు రాయండి. నేను నవ్వను. దింపు ఎవరు తీయించాలి, కాయలు ఎవరివి, కాయ పడి మేడమీది వాళ్ళ స్కూటీ అద్దం పగిలితే ఎవరు పెట్టుకోవాలి. ఒక్క వాక్యం చాలు.

ఇంతకీ ఇల్లు ఎవరి పేరున ఉంది?

భీమవరం బ్రహ్మచారి:
అక్కా, నేను అద్దెకుండే వైపు నుంచి చెప్తా. నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఖాళీ చేస్తే మా ఓనరు రంగులకని, ఊడిన కుళాయికని, గోడకి కొట్టిన మేకులకని అడ్వాన్సులో సగం పట్టేసుకున్నారు. నాలుగేళ్ళకి సున్నం మాయడం కూడా నా తప్పేనట! అప్పట్నుంచి దిగేరోజే ప్రతి గదీ, ప్రతి స్విచ్చీ వీడియో తీసి ఓనరుకి వాట్సాప్‌లో పంపుతున్నా. మీరూ తీయండి, ఇద్దరికీ మంచిది.

2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో రిపేర్ల పట్టిక ఒకటి ఉంది. గోడలకి సున్నం వెయ్యడం, పైపులు మార్చడం, గోడల్లో వైరింగు ఓనరువి. కుళాయి వాషరు, స్విచ్చులు, పగిలిన అద్దం అద్దెకున్నవాళ్ళవి. అది రాష్ట్రాలకిచ్చిన నమూనా మాత్రమే, కానీ అగ్రిమెంటులోకి ఎత్తి రాసుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు కదా. ఇంటికి అడ్వాన్సు రెండు నెలలు దాటొద్దనీ అందులోనే ఉంది, మీరు మూడు అన్నారు (ఊరికే చెప్తున్నా అక్కా). మోటారు సంగతి మాత్రం విడిగా రాయండి. మన వైపు ఉప్పునీటికి మోటార్లు ఎలా పోతాయో తెలుసుగా.

లంకల నుంచి:
వరద కూడా రాయండి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మేం అద్దెకున్న ఇంట్లో నడుం లోతు నీళ్ళు. పన్నెండు రోజులు చుట్టాలింట్లో ఉన్నాం. తిరిగొచ్చి ఒండ్రు ఎత్తిపోసుకుంటుంటే ఓనరు ఆ నెల అద్దె మొత్తం అడిగాడు. వరదకో తుపానుకో ఇల్లు ఇక ఉండడానికి పనికిరాకుండా పోతే లీజు వదులుకోవచ్చని చట్టంలో ఉందట గానీ పది రోజుల నీళ్ళకి అది వర్తించదన్నారు. కాగితంలో ఒక్క ముక్క ఉంటే గొడవే లేకపోను. మీది మేడ కాబట్టి మునగదు, మెట్లదాకా నీళ్ళొస్తే ఏంటి?

కోనసీమ కోడలు:
గుమస్తా గారూ, స్థలమూ ఇల్లూ మా ఆయన పేరునే. అద్దె కూడా ఆయన ఖాతాలోకే వెయ్యమందామనుకున్నాం. ఏమైనా ఇబ్బందా?

పాత గుమస్తా, రాజమండ్రి:
అదే అనుమానంతో అడిగాను. అయితే మీ సంతకం చెల్లదమ్మా. ఆయన కువైట్‌లో ఇండియన్ ఎంబసీలో మీ పేరున పవరాఫ్ అటార్నీ (ఆయన తరఫున మీరు సంతకం పెట్టొచ్చనే అధికారపత్రం) చేసి పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. లేదా సెలవుకి వచ్చినప్పుడు ఆయనే సంతకం పెట్టాలి.

రెండోది, ఆ బ్యాంకాయనకి కూడా చెప్పండి. ఏడాది అద్దె లక్ష దాటింది కాబట్టి హెచ్‌ఆర్‌ఏకి (జీతంలో వచ్చే ఇంటద్దె భత్యం మీద పన్ను మినహాయింపుకి) పాన్ అడుగుతున్నారు, ఇవ్వాల్సింది మీ ఆయన పాన్. కానీ ఓనరు విదేశంలో ఉంటే అద్దెలో టీడీఎస్ (ఇచ్చేముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసి ప్రభుత్వానికి కట్టే బాధ్యత అద్దెకున్న మనిషిది. సెస్సుతో 31.2 శాతం. మీ 9,500లో 2,964. మీ ఆయనకి ఇక్కడ పన్ను పడేంత ఆదాయం లేకపోతే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆడిటర్ని కలవకుండా సంతకాల దాకా వెళ్ళకండి.

కోనసీమ కోడలు:
బాబోయ్, ఈ టీడీఎస్ సంగతి బ్యాంకాయనకే తెలీదట! నిన్న ఫోన్ చేస్తే కాసేపు మాట్లాడలేదు. ఆడిటర్ దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్తున్నాం. మా ఆయన ఎంబసీ అపాయింట్‌మెంటు చూస్తున్నారు. శ్రావణానికి పవర్ అందకపోతే ఆగుతాం గానీ ఉత్త కాగితం మీద దిగం అని వాళ్ళే అన్నారు. వీడియో మా పెద్దాడు తీశాడు, స్విచ్చులతో సహా.

కాయల సంగతి తేలింది. దింపు మేమే తీయిస్తాం, దింపుకి పది కాయలు వాళ్ళకి. అత్తయ్యగారు ఎనిమిది చాలన్నారు. కాగితంలో పదే రాయిస్తున్నా, ఆవిడకి చదివి వినిపించేటప్పుడు చూసుకుంటా.