పి0620 కోడ్: ఆల్టర్నేటర్ కొత్తది వేసినా చార్జింగ్ మధ్యలో ఆగిపోతోంది, కంట్రోల్ వైర్‌ను ఎలా పరీక్షించాలి?

ప్రశ్న

పెట్రోల్ కారు. ఆల్టర్నేటర్ వోల్టేజీని ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) నియంత్రిస్తుంది. బ్యాటరీకి వెళ్లే లావుపాటి బి ప్లస్ కేబుల్ కాక చిన్న ప్లగ్‌లో ఎల్ (ల్యాంప్), ఎఫ్ఆర్ (ఫీల్డ్ స్థితి), సి (కంట్రోల్) అని మూడు వైర్లున్నాయి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 14.3 వోల్టులు వస్తోంది. బాగా వేడెక్కి, గతుకుల్లో తిరిగాక ఉన్నట్టుండి 12.2కి పడిపోయి బ్యాటరీ లైట్ వెలుగుతోంది, పి0620 పడుతోంది. కాసేపు ఆపి స్టార్ట్ చేస్తే మళ్లీ మామూలే. ఆల్టర్నేటర్ మార్చినా తేడా లేదు. బెల్టు బిగువు సరిగ్గానే ఉంది, బి ప్లస్ ఫ్యూజు బాగుంది. సి వైరును ప్లగ్ నుంచి ఈసీయూ వరకు కంటిన్యుటీ చూస్తే 0.3 ఓమ్ చూపించింది. ఇక ఈసీయూనే అనుమానించాలా?

జవాబు 1

ఈసీయూ దాకా ఇంకా వెళ్లకండి. పి0620 అంటే కంట్రోల్ సర్క్యూట్‌లో ఈసీయూ అనుకున్నది జరగడం లేదని మాత్రమే. తప్పు ఆల్టర్నేటర్‌లోనా, వైరులోనా, ఈసీయూలోనా అన్నది ఆ కోడ్ చెప్పదు. పి0621 అయితే ల్యాంప్ టెర్మినల్ వైపు, పి0622 అయితే ఫీల్డ్ టెర్మినల్ వైపు చూడాలి.

మీ దగ్గర పనికొచ్చే ఆధారం ఒకటుంది: వేడికీ అదురుకీ పోయి, ఆపితే తిరిగొస్తోంది. అలాంటి తప్పును చల్లటి బండి మీద వెతికితే దొరకదు. ఫెయిలై ఉన్నప్పుడే, ఇంజిన్ ఆపకుండా, ఈ వరుసలో కొలవండి.

ముందు బి ప్లస్ స్టడ్ (ఆల్టర్నేటర్‌పై కేబుల్ బిగించే బోల్టు) మీద, తర్వాత బ్యాటరీ మీద. స్టడ్ మీద 14 ఉండి బ్యాటరీ మీద 12.2 ఉంటే కేబుల్ లేదా ఫ్యూజిబుల్ లింకు తప్పు. రెండు చోట్లా 12.2 ఉంటే ఆల్టర్నేటర్ అసలు ఉత్పత్తి చేయడం లేదు. అప్పుడు స్కాన్ టూల్‌లో ఎఫ్ఆర్ శాతం చూడండి. రోటర్‌కి (ఆల్టర్నేటర్‌లో తిరిగే తీగచుట్ట) రెగ్యులేటర్ ఎంతసేపు కరెంటు ఇస్తోందో ఆ సంఖ్య చెబుతుంది. 95 దాటి ఉండి కూడా వోల్టేజీ పడిపోతుంటే రెగ్యులేటర్ శక్తికొద్దీ తోస్తోంది, లోపల డయోడో స్టేటరో, బయట బెల్టు జారుడో చూసుకోవాలి. సున్నా దగ్గర ఉంటే రెగ్యులేటర్ నిద్రపోతోంది, దానికి ఆదేశం అందడం లేదు. కొన్ని బళ్లలో ఈ శాతం తలకిందులుగా చూపిస్తుంది. హెడ్‌లైట్లు వేసినప్పుడు ఎటు కదులుతుందో బండి బాగున్నప్పుడే చూసి పెట్టుకోండి.

తర్వాత సి వైరు. ప్లగ్ పీకకుండా, వెనక నుంచి సన్నటి పిన్నుతో కొలవాలి. కొన్ని డిజైన్లలో వైరుకి వోల్టేజీ ఇచ్చేది ఆల్టర్నేటరే, ఈసీయూ దాన్ని ఎర్త్‌కి లాగుతూ వదులుతూ సిగ్నల్ పంపుతుంది. మరికొన్నింటిలో వోల్టేజీ ఈసీయూ నుంచే వస్తుంది. మొదటి రకంలో ప్లగ్ పీకి హార్నెస్ వైపు కొలిస్తే సున్నా కనిపిస్తుంది, ఈసీయూ పోయిందని పొరపడతారు. చాలా ఈసీయూలు ఇలాగే అనవసరంగా మార్చేస్తుంటారు. మీది ఏ రకమో సర్క్యూట్ డయాగ్రమ్‌లో చూడండి.

ఇది డ్యూటీ సిగ్నల్ (ఎంత శాతం సేపు ఆన్‌లో ఉందన్నదే ఆదేశం) కాబట్టి మామూలు డీసీ స్కేలు మీద సగటు మాత్రమే కనిపిస్తుంది: 12 వోల్టుల సిగ్నల్ 50 శాతం డ్యూటీలో ఉంటే మీటర్ 6 చూపిస్తుంది. మీటర్‌లో డ్యూటీ స్కేలుంటే అది వాడండి. హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనక అద్దం డీఫాగర్ వేసినప్పుడు ఆ సంఖ్య కదలాలి. ఏం వేసినా కదలకుండా ఒకే చోట నిలబడితే ఈసీయూకీ ఆల్టర్నేటర్‌కీ మధ్య సంబంధం తెగినట్టే.

జవాబు 2

ఇంత కష్టం ఎందుకు? బ్యాటరీ నుంచి ఒక వైరు తెచ్చి ఎల్ పిన్నుకి నేరుగా 12 వోల్టులు ఇచ్చి చూస్తే సరి. చార్జ్ అయితే ఆల్టర్నేటర్ మంచిదే.

జవాబు 3

ఈ బండి మీద అలా చేయొద్దండీ. పాత తరం ఆల్టర్నేటర్లలో డ్యాష్‌బోర్డ్ బల్బు ద్వారా ఎల్‌కి కరెంటు వచ్చేది, బల్బే రెసిస్టెన్సు. అక్కడ కూడా చిన్న బల్బు మధ్యలో పెట్టే ఇవ్వాలి, నేరుగా ఇవ్వకూడదు. ఈసీయూ నుంచి వచ్చే ఎల్ లైను కొన్ని బళ్లలో 5 వోల్టులదే. దాని మీద 12 పెడితే ఇప్పటిదాకా బాగున్న ఈసీయూ డ్రైవర్ కాలిపోతుంది. అలాగే ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూసే పద్ధతి పూర్తిగా మానేయాలి. ఆ క్షణంలో లైనులో పదుల వోల్టుల స్పైకు వస్తుంది, దానికి రెగ్యులేటర్, డయోడ్లు, ఈసీయూ, ఏబీఎస్ మాడ్యూల్ ఏదైనా బలి కావచ్చు.

ప్రశ్న అడిగినవారికి: 0.3 ఓమ్ చూసి వైరు బాగుందని తేల్చేయకండి. మల్టీమీటర్ ఓమ్ స్కేలు మీద పంపే కరెంటు చాలా తక్కువ. లోపల పోగులన్నీ తెగి ఒక్క పోగు తగులుతూ ఉన్నా అది 0.3 ఓమే చూపిస్తుంది. వైరుకి లోడు పెట్టాలి. కీ ఆఫ్ చేసి, ఈసీయూ పూర్తిగా ఆగేదాకా కొన్ని నిమిషాలు ఆగి, బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఈసీయూ ప్లగ్, ఆల్టర్నేటర్ ప్లగ్ రెండూ పీకండి. ఇప్పుడు రెండు చివరలా ఏమీ లేని ఉత్త వైరు మిగులుతుంది. విడిగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఒక చివర పాజిటివ్ ఇచ్చి, రెండో చివర 5 వాట్ల బల్బు పెట్టి, బల్బు రెండో కాలును అదే బ్యాటరీ నెగటివ్‌కి కలపండి. 0.4 ఆంపియర్ దాకా పారుతుంది. వైరు పొడవునా డ్రాప్ (వోల్టేజీ తగ్గుదల) 0.1 వోల్ట్ లోపే ఉండాలి. బల్బు వెలుగుతుండగా హార్నెస్‌ను జానెడు జానెడు చొప్పున పట్టుకుని మెల్లగా వంచుతూ రండి, బ్రాకెట్ల దగ్గర, ఇంజిన్ నుంచి బాడీకి దాటే వంపు దగ్గర ఎక్కువసేపు ఆగండి. ఇంజిన్ కదిలినప్పుడల్లా వంగేది అక్కడే. పిన్నుల్లో గుచ్చడానికి టెస్ట్ ల్యాంప్ మొన వాడకండి, ఆడ పిన్ను విచ్చుకుని కొత్త లూజ్ కాంటాక్ట్ తయారవుతుంది. అదే సైజు మగ పిన్ను వాడాలి.

ప్రశ్న అడిగినవారు

ఫెయిలై ఉన్నప్పుడు కొలిచాను. బి ప్లస్ స్టడ్ మీద, బ్యాటరీ మీద 12.2. ఎఫ్ఆర్ సున్నా. సి వైరు ఆల్టర్నేటర్ ప్లగ్ వెనక 11.8 దగ్గర నిలబడింది, హెడ్‌లైట్లు వేసినా కదల్లేదు. అదే వైరు ఈసీయూ ప్లగ్ వెనక సున్నా. డయాగ్రమ్ ప్రకారం ఆల్టర్నేటరే వోల్టేజీ ఇచ్చే రకం.

తర్వాత బల్బు పరీక్ష. మామూలుగా పూర్తి వెలుగు, కానీ ఆల్టర్నేటర్ బ్రాకెట్ పక్కన హార్నెస్ క్లిప్పు విరిగిన చోట వంచితే ఆరిపోతోంది, వదిలితే వెలుగుతోంది. టేపు విప్పితే బ్రాకెట్ అంచు ఒరుసుకుని వైరు తొడుగు చీలి ఉంది, లోపల రాగి పోగులు చిలుము పట్టి నల్లగా మారాయి. మూడు నాలుగు పోగులే మిగిలాయి. ఎలా అతకాలి?

జవాబు 1

ఒక చివర 11.8, మరో చివర సున్నా అన్న ఆ రెండు కొలతలతోనే విషయం తేలిపోయింది. ఆల్టర్నేటర్ వోల్టేజీ ఇస్తోంది, అది ఈసీయూకి చేరడం లేదు.

చిలుము పట్టిన భాగం మొత్తం కోసేయండి. మెరిసే రాగి కనిపించేదాకా రెండు వైపులా వెనక్కి వెళ్లాలి. తొడుగు కింద చిలుము వేలెడు దూరం పాకి ఉండటం మామూలే. నల్లబడ్డ రాగి మీద సోల్డర్ పట్టదు, క్రింపు కూడా ఎక్కువ రోజులు నిలవదు. తగ్గిన పొడవుకి అదే మందం వైరు ముక్క కలపండి, లాగి కట్టొద్దు. అతుకుకి క్రింప్ స్లీవ్, దానిపైన లోపల జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు వేయండి. మెలిపెట్టి టేపు చుట్టి వదిలేస్తే ఇంజిన్ వేడికి టేపు జిగురు కారి నీరు లోపలికి పోతుంది. రెండు అతుకులూ వంపు ఉన్నచోట పడకుండా చూడండి, సోల్డర్ చేస్తే ఈ జాగ్రత్త మరీ ముఖ్యం, ఎందుకంటే సోల్డర్ పాకిన అంచు దగ్గరే వైరు గట్టిపడి విరుగుతుంది. పక్కనున్న ఎల్, ఎఫ్ఆర్ వైర్లు కూడా అదే అంచుకి ఒరుసుకుని ఉండొచ్చు, వాటి తొడుగు కూడా వేలితో తడిమి చూడండి. విరిగిన క్లిప్పు స్థానంలో కొత్తది పెట్టకపోతే తప్పు తిరిగొస్తుంది.

జవాబు 3

అతికాక కోడ్ తుడిచి ఇంజిన్ వేడి మీద చూడండి. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి ఎఫ్ఆర్ పెరుగుతోందా, బ్యాటరీ మీద 13.5 పైన నిలబడుతోందా అని చూడాలి. అదే లోడు మీద స్టడ్ నుంచి బ్యాటరీ పాజిటివ్‌కి డ్రాప్ 0.3 వోల్ట్ లోపు, ఆల్టర్నేటర్ బాడీ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి 0.2 లోపు ఉండాలి. ఏసీ స్కేలు మీద రిపుల్ (డీసీలో మిగిలిన ఏసీ అల) 0.5 వోల్ట్ దాటకూడదు. ఇన్నిసార్లు ఖాళీ అయిన బ్యాటరీని ముందు బయటి చార్జర్‌తో నింపండి. లేకపోతే ఆల్టర్నేటర్ చాలాసేపు పూర్తి లోడు మీద నడిచి కొలతలు గందరగోళంగా కనిపిస్తాయి.

బ్యాటరీ నెగటివ్ క్లాంపు మీద కరెంటు సెన్సర్ ఉంటే చార్జర్ నెగటివ్ క్లిప్పును బ్యాటరీ పోస్టుకి పెట్టకుండా బాడీ ఎర్త్‌కి పెట్టండి. పోస్టుకి పెడితే లోపలికి వెళ్లిన కరెంటును సెన్సర్ లెక్కించదు, బ్యాటరీ ఇంకా ఖాళీగానే ఉందనుకుని ఈసీయూ ఆదేశాలిస్తుంది. ఆంప్లిఫయర్, హారన్ లాంటివి పోస్టుకి నేరుగా కలిపి ఉన్నా ఇదే సమస్య, వాటి ఎర్త్‌ను కూడా బాడీకి మార్చండి.